కిటికీలోంచి చూసిన షెడ్డు

“పన్నెండుకు పన్నెండు మగ్గాలు బందే సేటూ! ఆ షెడ్డుల మనం పైసలు పెట్టుడంటే మోరీల పోసినట్టే.”

సైకిలుకు స్టాండు కూడా సరిగా వేయకుండా మెట్లెక్కి వచ్చి చెప్పాడు సిద్దిరాములు. నౌకరీ ఇంకా ఖాయం కాలేదు, ఇది మొదటి పని. బీకాం చదువు, కొత్త టెరికాట్ ప్యాంటు, జేబులో పెన్ను. సాయంత్రానికి సేటు నోటి నుంచి ‘రేపటి నుంచి రా’ అన్న మాట రావాలి. అతని ప్రాణమంతా ఆ మాట మీదే ఉంది.

వరంగల్ స్టేషన్ రోడ్డులో వెంకట్రాజం సేటు అంటే అప్పులిచ్చే మనిషి కాదు. పెట్టుబడి చాలక కుంటుతున్న షెడ్డులోనో మిల్లులోనో డబ్బు పెట్టి సగం వాటా తీసుకుంటాడు. అది లేస్తే తనూ లేస్తాడు, మునిగితే తనూ మునుగుతాడు. అందుకే పైసలు పెట్టేముందు ఒక మనిషి పోయి చూసి రావాలి. ఆ మనిషి ఇవాళ సిద్దిరాములు. చూడాల్సింది కొత్తవాడలో విమలమ్మ మరమగ్గాల షెడ్డు.

“లోపటికి పోయినవా?” అని అడిగాడు సేటు.

“లేదు సేటూ, కిటికిలకెల్లి చూసిన. ఎవలికి ఎరుక లేకుంట చూసి రమ్మని మీరే అంటిరి గద. ఒక్క మగ్గం చప్పుడు లేదు. పనోడు ఒక్కడు లేడు. ఆ విమలమ్మ ఒక్కతే కూసోని మగ్గాలకు పసుపు బొట్లు పెడ్తాంది. నడువని మగ్గాలకు సోకులు!”

మూలన లెక్కలు రాసుకునే వీరభద్రం కిసుక్కున నవ్వాడు. తన మాట బాగుండి నవ్వాడనుకున్నాడు సిద్దిరాములు. ఇంకా హుషారెక్కింది.

“నేను కిటికి కాడ నిలవడ్డది చూసి, ఊచల నడుమకెల్లి ఇది చేతుల పెట్టింది సేటూ. మన మనిషినని పసిగట్టినట్టుంది. ఇంత పెడితే మంచి మాట చెప్తడనుకున్నదో ఏమో.”

జేబులోంచి కొబ్బరి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

సేటు ఆ ముక్కను చూశాడు. “కాయ ఎందుకు కొట్టింది పిలగా?”

“ఏమో సేటూ. షెడ్డు నిలవడాలని మొక్కుకున్నదేమో.”

“ఆ గోడ మీద క్యాలెండర్ చూడు. ఇయ్యాలటి తారీకు కాడ ఏమున్నది?”

సిద్దిరాములు తిరిగి చూశాడు. తారీకు కింద నల్లటి గుండ్రటి గుర్తు. దాని చుట్టూ ఎవరో ఎర్ర సిరాతో సున్న చుట్టారు. ఆ నెలలో ఇంకే తారీకుకూ సున్న లేదు.

మెల్లగా చదివాడు. “అమాస.”

అమావాస్య నాడు కొత్తవాడలో ఎవరూ మగ్గం నడపరు. తుడిచి, బొట్టు పెట్టి, కాయ కొట్టి, గడప దగ్గరికి ఎవరొచ్చినా ముక్క చేతిలో పెడతారు.

“వాడకట్టు మొత్తంల ఒక్క మగ్గం చప్పుడన్న ఇనవడ్డదా తమ్మీ?” వీరభద్రం కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. “ప్యాంటయితే కొత్తది కుట్టించుకున్నవు. చెవులే ఇంటికాడ మర్శిపోయినట్టున్నవు.”

సిద్దిరాములు మొహం భగ్గుమంది. నిలబడ్డ చోటే నేల చీలితే బాగుండుననిపించింది.

“రేపు పొద్దుగాల ఆమెకు జవాబు చెప్తనన్న,” అన్నాడు సేటు. “నీ మాట పట్టుకుంటే ఎల్లుండికి ఆ మగ్గాలు పాత ఇనుప సామాన్ల దుకాన్ల ఉంటుండె.”

“ఇయ్యాల అమాసని మీకు ఎరుకేనా సేటూ?”

“ఎరుకుండే పంపిన. ఏం చూసుకొస్తవో అని.” సేటు గొంతు కొంచెం తగ్గింది. “పోనియ్ లే. నీ అర్జీల నాయినది కిరాణ దుకాణమని రాసినవు. మగ్గం ఇంట్ల పుట్టినోనికైతే ఎరుకుంటది గని, నీకేం ఎరుక?”

తప్పించుకోవడానికి దారి దొరికింది. సిద్దిరాములు తల ఊపాడు కూడా. ఊపిన తల మళ్లీ ఎత్తలేకపోయాడు. వేళ్లకు విమలమ్మ చేతి పసుపు ఇంకా అంటుకునే ఉంది. చిన్నప్పుడు అమావాస్య ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టేవాడు. ఆ ఒక్కరోజే నాయిన మగ్గం దిగి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, కొబ్బరి నోట్లో పెట్టేవాడు.

“అర్జీల అబద్ధం రాసిన సేటూ,” అన్నాడు. “మాది మగ్గం ఇల్లే.”

వీరభద్రం పెన్ను ఆగిపోయింది.

“మా నాయిన పేరు పర్శరాములు. ఆరు మగ్గాల షెడ్డుండె మాకు. సగం వాటకు పైసలు పెడ్తనని ఎవలో సేటు మాటిచ్చిండట. మా నాయిన మూడు నెలలు తొవ్వ చూసిండు. ఆ సేటు రానే రాలే. మగ్గాలమ్ముకోని ఇప్పుడు ఒకల షెడ్డుల కూలికి నేస్తాండు. గది చెప్పుకునుడు నాకు సిగ్గయింది, దుకాణమని రాసిన.” బల్ల మీది కొబ్బరి ముక్క తీసుకున్నాడు. “ఇంటి కత దాసుకుంటిని. ఇంటి అమాస గూడ మర్శిపోతిని. నాకెందుకిస్తరు నౌకరి? పోత సేటూ.”

రెండు మెట్లు దిగాడు.

“ఆగు.”

సిద్దిరాములు వెనక్కి తిరిగాడు. సేటు అతని మొహం చూడటం లేదు. క్యాలెండర్ మీది ఎర్ర సున్నను చూస్తున్నాడు.

“రాలేదంటే అబద్ధం బిడ్డా. నేనే వచ్చిన,” అన్నాడు. “గిట్లనే ఒక అమాస నాడు వచ్చి, కిటికిలకెల్లి చూసి ఎనుకకు మర్లిపోయిన.”