బల్ల మీద వేలు

రెండో రోజు పరీక్షలో ఆయన మూడోసారి వచ్చి ఆమె బల్ల మీద వేలు పెట్టాడు.

ఆమె తలెత్తలేదు. రాస్తూనే ఉంది.

వేలు కదల్లేదు.

విసుగ్గా కలం పక్కన పెట్టి గ్లూకోజ్ బిళ్ళ నోట్లో వేసుకుంది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె ఆసుపత్రిలో ఆయా. పదిహేనేళ్లుగా వార్డులో పక్కదుప్పట్లు మారుస్తూ, నర్సులు చెప్పిన పని చేస్తూ, వాళ్లు చెప్పడం మరిచిన పని కూడా చేస్తూ వచ్చింది. ఇప్పుడు తనే నర్సు కావాలని నాలుగు పేపర్ల పరీక్షకు కూర్చుంది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. ఇది తప్పితే రిటైరయ్యేదాకా ఆ దుప్పట్లే గతి.

ఇరవయ్యో ఏట నుంచీ ఆమెకు షుగర్. ఇన్సులిన్ పొడుచుకోవడం పళ్లు తోముకున్నంత అలవాటైపోయింది. కొన్నేళ్లుగా మాత్రం కొత్త చిక్కొకటి వచ్చిపడింది. షుగర్ పడిపోతుంటే ఇదివరకటిలా చెమటలు పట్టవు, చేతులు వణకవు. ఒళ్లు ముందుగా ఏమీ చెప్పదు.

అందుకే జబ్బకు పెద్ద బొత్తామంత సెన్సర్ అతికించుకుంది. అది షుగర్ ఎంతుందో చూసి ఐదు నిమిషాలకోసారి ఫోనుకు పంపుతుంది. ఫోనులో అంకె, పక్కనే అది ఎక్కుతోందో దిగుతోందో చూపే బాణం. అంకె డెబ్బై కిందికి పోతే ప్రమాదం.

పరీక్ష గదిలోకి ఫోన్ రానివ్వరు. వార్డులోని హెడ్ నర్సు ఈమె ఫోన్‌ను అనుమతించమని పరీక్షల బోర్డుకు ముందే అర్జీ పంపింది. మొదటి రోజు ఈ పొడుగాటి ఇన్విజిలేటర్ ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. హమ్మయ్య, అనుమతి వచ్చిందనుకుంది.

"లోపల మాట్లాడకూడదమ్మా," అన్నాడు గంట కొట్టకముందే. "బాణం దిగుతుంటే వచ్చి వేలు పెడతాను. ఏదైనా తినండి. నేను వేలు తీసేదాకా కలం ముట్టుకోకండి."

ఆ ముఖాన నవ్వన్నది లేదు. కుర్చీలో కూర్చోడు. తెచ్చిన టీ చల్లారిపోతున్నా తాగడు. మూడు గంటలూ ఆ ఫోన్ పట్టుకుని ఆమె చుట్టూనే తిరుగుతాడు. పరీక్ష రాసేవాళ్లు ఆయనకు జిడ్డు మాస్టారని పేరు పెట్టేశారు. ఆ పేరుకు ఆమె కూడా నవ్వింది.

అంకె ఎనభై ఐదు ఉన్నా సరే, బాణం కిందికి చూస్తే చాలు, ప్రత్యక్షమయ్యేవాడు. రెండో రోజు అలా పన్నెండు నిమిషాలు పోయాయి. చివరి ప్రశ్న సగంలో ఉండగానే గంట మోగింది.

ఆమెకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం.

తిన్నగా పరీక్షా కేంద్రం చీఫ్ గదికి వెళ్లింది.

"ఆయన నన్ను రాయనివ్వట్లేదండీ. గదిలో నేనో వింత అయిపోయాను. రేపు ఇంకెవరినైనా వెయ్యండి."

చీఫ్ పెద్దావిడ. ఓపిగ్గా అంతా విన్నది. ఫోన్ ఆన్‌లోనే ఉంచుతున్నాడా అని రెండుసార్లు అడిగింది. అవునంది ఆమె. అయితే రాసివ్వమంది. ఆమె పరీక్షకంటే వేగంగా రాసిచ్చింది.

మూడో రోజు నవ్వుముఖం అమ్మాయి ఇన్విజిలేటర్‌గా వచ్చింది. అందరి ఫోన్లతోపాటు ఆమె ఫోన్ కూడా ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

తనకు అనుమతి ఉందని ఆమె చెప్పింది. అలాంటి కాగితమేదీ తనకివ్వలేదని ఆ అమ్మాయి మెత్తగానే చెప్పింది. అంతలో గంట కొట్టారు. వాదిస్తే పోయేది తన టైమే.

పోనీలే, ఇవాళ అడ్డుపడేవాళ్లు లేరనుకుంది. ఉజ్జాయింపుగా ఒక బిళ్ళ చప్పరించి రాయడం మొదలుపెట్టింది. గంటసేపు కలం పరుగెత్తింది. నేర్చుకున్నదంతా చేతిలోకి దిగుతున్నట్టే ఉంది. చాలా సంతోషమేసింది.

ఆ తర్వాతది ఆమెకు గుర్తు లేదు. ఒకే మాటను ఆరు వరసలు రాసి, చాలాసేపు కలం పట్టుకుని అలాగే కూర్చుని, చివరికి బల్ల మీదికి వాలిపోయిందట.

కళ్లు తెరిచేసరికి చీఫ్ గదిలో బెంచీ మీద ఉంది. ఎవరో చక్కెర నీళ్లు తాగిస్తున్నారు. గోడ గడియారం చూసుకుంది. పరీక్ష అయిపోయి ఇరవై నిమిషాలైంది. సగం పేపర్ తెల్లగానే వెళ్లిపోయి ఉంటుంది.

"అనుమతి ఇచ్చి మళ్లీ ఫోన్ ఎందుకు ఆపేశారండీ?" అంది లేచి కూర్చుంటూ. "నిన్నటి సార్‌ని పిలవండి. ఆయనే చెప్తారు."

"ఆయన రాడమ్మా. పొద్దున్నే పనిలోంచి తీసేశారు."

తాను ఇన్విజిలేటర్‌ను మార్చమంది గానీ, ఉద్యోగం తియ్యమనలేదని ఆమె గొణిగింది. ఆ మాట తనకే వినబుద్ధి కాలేదు.

చీఫ్ పరీక్ష గది కాగితాల కట్ట విప్పి, అందులోంచి ఒకటి తీసింది.

"బోర్డు జవాబు ఇది. మొదటి రోజే ఆయన మీకివ్వాలి. ఇవ్వలేదు. మీరు నిన్న రాసిచ్చాక వెతికితే దొరికింది."

ఆమె అందుకుని చదివింది.

హెడ్ నర్సు పంపిన అర్జీ మీద ఎర్ర సిరాతో 'అనుమతి లేదు, అభ్యర్థికి తెలియజేయాలి' అని ఉంది. దాని కిందే నీలం సిరాతో, పొందికైన అక్షరాల్లో, సంతకంతో సహా: 'తెలియజేస్తే ఈమె పరీక్ష మానుకుంటుంది, అందుకే తెలియజేయలేదు. ఫోన్ క్షణం కూడా నా చేయి దాటదు, ఏం జరిగినా పోయేది నా ఉద్యోగం ఒక్కటే.'