నాలుగు నెలల నొప్పి

డాక్టరమ్మ మోకాలి కింద ఎముకను బొటనవేలితో నొక్కగానే పన్నెండేళ్ళ పిల్ల పంటిబిగువున ఊపిరి బిగబట్టింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"నాలుగు నెలలైంది," అంది మెల్లగా.

తండ్రి తెల్లబోయాడు. భార్యతో విడిపోయి వేరే ఊళ్ళో ఉంటున్నా, ఆదివారం ఆదివారం వచ్చి కూతురికి ఫుట్‌బాల్ నేర్పేది అతనే.

"ఈ ఏడు ఒక్కసారిగా పొడుగు సాగింది," అంది డాక్టరమ్మ. "ఎముకతోపాటు తొడ కండరం సాగక మోకాలి కింద లాగేస్తోంది. వారానికి ఎన్ని రోజులు ఆడుతోంది?"

"బళ్ళో ఆరు రోజులండీ. ఆదివారం నాతో."

"అంటే ఒక్కరోజూ విశ్రాంతి లేదు. కంగారుపడకండి, తగ్గిపోతుంది. రెండు నెలలు మాత్రం ఆట ఆపాలి."

డాక్టరమ్మ మందుల చీటీ రాస్తుంటే అతను కూతురి పక్కన కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు బంగారం?"

పిల్ల మేజోడు పైకి లాక్కుంటూ అంది. "చెప్తే ఆట మానేయమంటావుగా. వానకి గ్రౌండ్ మూసేసిన ఆదివారాలు నువ్వసలు రాలేదు నాన్నా."

అలా కాదమ్మా అనబోయాడు. కానీ ఆ ఆదివారాలు తను ఎక్కడున్నాడో, ఏం చేశాడో ఎంత తడుముకున్నా గుర్తుకు రాలేదు.

కింద కూర్చుని, కూతురి కాలిని ఒళ్ళో పెట్టుకుని, బూటు తొడగసాగాడు.