రోజుకో చుక్క

"మీ ఇల్లెక్కడో చూపించు తల్లీ."

గోడంత తెర మీద ఊరి మ్యాపు వెలుగుతోంది. వేలు పెట్టిన చోటల్లా ఎర్ర చుక్క పడుతుంది. కళ్ళ ముందు అక్షరాలు కుదురుగా నిలవని పిల్లల కోసం టీచరు అందులో బొమ్మలు పెట్టింది. మందులషాపుకి సీసా, పోస్టాఫీసుకి ఎర్ర డబ్బా. నెల తిరక్కుండానే పదిమంది తమ ఇళ్ళు పట్టేశారు.

మిగిలింది పిచ్చుక అనే పిల్ల. తొమ్మిదేళ్ళది, కొత్తగా చేరింది. దాని నోట మాట రావడమే గగనం.

పిచ్చుక వంతెన పక్కన వేలు పెట్టింది. "ఇవాళ ఇక్కడ."

పిచ్చుక పెట్టిన చుక్కలన్నీ టీచరు వేళ్ళ మీద లెక్కేసుకుంది. సోమవారం పార్కు వెనక పెట్టింది. నిన్న మిల్లు దగ్గర. ఫారంలో అడ్రసేమో స్టేషను వీధి, ఎవరో కాంట్రాక్టరు కేరాఫ్!

వెనకే నిలబడ్డ హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుంది.

"రోజుకో ఇల్లా? వాళ్ళ నాన్నేమైనా జమీందారా? ఈ పిల్లకి మ్యాపు ఎక్కదు టీచరమ్మా. రేపట్నుంచి చిన్నపిల్లల గదికి పంపించేయండి. పూసలు గుచ్చుకుంటుంది."

పిచ్చుక మొహం మాడిపోయింది. తెర అంచు గట్టిగా పట్టుకుంది.

"ఒక్క అవకాశం మేడం," అంది టీచరు. "సాయంత్రం తనే మనల్ని ఇంటికి తీసుకెళ్తుంది."

"తీసుకెళ్ళలేకపోతే?"

"పూసల గదిలో నేనే దింపుతాను."

బడి వదలగానే ముగ్గురూ బయల్దేరారు. అదే మ్యాపున్న ట్యాబు పిచ్చుక చేతిలో ఉంది. సీసా దగ్గర కుడికి తిరిగింది, డబ్బా దగ్గర ఎడమకి. ఎక్కడా తడుముకోలేదు. కానీ స్టేషను వీధి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"అడ్రసు అటుంటే పిల్ల ఇటు పోతోంది," రొప్పుతూనే దెప్పింది హెడ్‌మిస్ట్రెస్. "నా మోకాళ్ళ ఉసురు మీకే తగుల్తుంది."

వంతెన వచ్చింది. పిచ్చుక ఆగింది. చుట్టూ ఇల్లు కాదు కదా, గుడిసె కూడా లేదు.

"చూశారా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

టీచరు చుట్టూ వెతికి చూసింది. అంతలోనే పిచ్చుక ట్యాబుని ఆమె చేతిలో పెట్టి, వంతెన పక్క మెట్ల మీదుగా కిందికి పరిగెత్తింది. ఇద్దరూ పడుతూ లేస్తూ వెంటపడ్డారు.

కింద, నదిలో పూడిక తీసే పెద్ద పడవ మీద, ఆరేసిన బట్టల మధ్యలోంచి తల బయటపెట్టి పిచ్చుక వాళ్ళమ్మ కేకేసింది: "తొందరగా ఎక్కవే, ఇల్లు బయల్దేరుతోంది!"