మొదటి గ్రేడు చెయ్యి

శేషారత్నం మినప్పప్పు కడుగుతుంటే అన్న వీరాస్వామి వచ్చి గడపలో కూర్చున్నాడు. మోటార్లకు రాగితీగ చుట్టే పని ఆమెకు నేర్పింది అతనే. కంపెనీ ఇచ్చిన చేతొడుగుతో ఆమె ఏడాది పనిచేసింది. ఆమె వేళ్ల కదలికలన్నీ అది నమోదు చేసుకుంది; ఆ పనితనాన్నే ఇప్పుడు ఊరూరా యంత్రాలకు ఎక్కిస్తున్నారు.

“నా పనితనానికి మొదటి గ్రేడు ఇచ్చారన్నయ్యా. జీతం రెట్టింపు.”

“మంచిదమ్మా. మా కొట్లోకీ ఇవాళ యంత్రం దిగింది. రేపట్నించి నన్ను రావద్దన్నారు.”

ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

“అది ఎవరి పనితనమో చెప్పారా?”

“చెప్పేదేముంది? ఆఖరి ముడి వేసి, ఆ యంత్రం బొటనవేలిని చొక్కాకి తుడుచుకుంటున్నట్టు ఆడించింది. దానికి చొక్కా ఎక్కడిదే, పిచ్చిదానా? ఆ అలవాటు నాది. నా దగ్గరే నీకొచ్చింది.”

పప్పు నీళ్లు వంపి ఆమె అంది: “అన్నం తిని వెళ్దువుగాని.”

వీరాస్వామి చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగాడు.