ఎనిమిదో పాఠం

టేపు మళ్ళీ చిక్కుపడింది.

అప్పలకొండమ్మ టేపురికార్డరు మూత తీసింది. గోధుమరంగు టేపు పేగుల్లా బయటికొచ్చింది.

"ఏటమ్మా, మళ్ళీ మింగీసిందా?" అన్నాడు నరసయ్య. కలకత్తా మెటియాబ్రుజ్ పేటలోని ఆ తెలుగు బడికి బంట్రోతూ, కాపలావాడూ అతనే.

"నవ్వకు బాబాయ్. ఇది పోతే నేను లేను."

అది నిజమే. కొండమ్మ కార్పొరేషన్ కార్మికుడి కూతురు. పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలోనే. తెలుగు కూడబలుక్కుని చదివేది. ట్రైనింగ్ లేదు. పంతులమ్మ ఉద్యోగం వచ్చిన కొత్తలో, పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో తెలీక ఇంటికెళ్ళి ఏడ్చేది.

అప్పుడు ఖరగ్‌పూర్ నుంచి పోస్టులో క్యాసెట్లు రావడం మొదలైంది. ఆంధ్రా బయట తెలుగు బడుల్లో పనిచేసే టీచర్ల కోసం ఎవరో రిటైరైన మాస్టారు ఇంట్లో కూచుని చెప్పిన పాఠాలు. నెలకొకటి. మొత్తం పది అన్నారు.

ఏడు వచ్చాయి. ఎనిమిదోది రాలేదు.

ఏడో క్యాసెట్ చివర ఆ గొంతు చెప్పింది: "నోరు విప్పని పిల్లల చేత ఎలా చదివించాలో వచ్చే పాఠంలో చెప్తాను తల్లీ."

కొండమ్మ క్లాసులో అలాంటి పిల్లలు తొమ్మిది మంది. దసరా పూజా సెలవుల ముందు ఇనస్పెక్టరు వస్తాడు. పిల్లలు చదవకపోతే తెలుగు క్లాసులు ఎత్తేసి హిందీలో కలిపేస్తామని నోటీసు వచ్చింది. మాస్టారికి మూడు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు.

ఏడాదిగా ఉన్న ఏడింటినే తిప్పి తిప్పి వింటోంది.

కిటికీలోంచి ఓ చెయ్యి లోపలికొచ్చింది.

ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, భుజాన గుడ్డసంచి. మే నెల ఉక్కలో మెడకి ఉన్ని మఫ్లరు.

"ఏటి దాదా, చలేస్తందా?" నరసయ్య పకపకా నవ్వాడు.

ముసలాయన చూపు టేపు మీదే ఉంది. జేబులోంచి పెన్సిలు ముక్క తీశాడు. క్యాసెట్ అందుకుని, పళ్ళున్న బెజ్జంలో పెన్సిలు గుచ్చి నెమ్మదిగా తిప్పాడు. టేపు ఒక్క ముడత లేకుండా లోపలికి పోయింది.

కొండమ్మ చటుక్కున లాక్కుంది.

"ముట్టుకోకండి! పాడైతే ఇంకోటి దొరకదు."

క్యాసెట్ పెట్టి మీట నొక్కింది. గది నిండా ఆ గొంతు. వెచ్చటి, పెద్ద గొంతు.

"తప్పు చెప్పిన పిల్లాణ్ణి కసరొద్దు తల్లీ. ఏటి చెప్పాలనుకున్నాడో ముందు అది అడుగు. ఇక్కడ టేపు ఆపి ఆలోచించు."

కొండమ్మ టేపు ఆపింది.

టేపు ఆగింది గాని ముసలాయన పెదాలు ఇంకా కదులుతున్నాయి.

"ఏం కావాలి మీకు?" అంది విసుగ్గా.

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి చాపాడు.

కొండమ్మకి అర్థమైపోయింది. లోకల్ రైళ్ళలో రోజూ చూసేదే. మూగవాళ్ళు 'సాయం చెయ్యండి' అని రాసిన కాగితం ఒళ్ళో పెట్టి పోతారు, మళ్ళీ వచ్చి చెయ్యి చాపుతారు.

విప్పకుండానే, కాగితం మీద అర్ధరూపాయి పెట్టి వెనక్కి తోసింది.

ఆయన మళ్ళీ చాపాడు. వేలితో కాగితాన్ని చూపించాడు. తర్వాత ఆమెని చూపించాడు.

"ఇంక డబ్బుల్లేవయ్యా! వెళ్ళండి."

నరసయ్య ఆయన రెక్క పట్టుకుని గేటు దాటించి వచ్చాడు.

అర్ధరూపాయి కిటికీ గట్టు మీదే ఉంది.

"సూసేవా పొగరు? మనం ఇచ్చింది ఆయనకి ఆనలేదు."

మర్నాడూ వచ్చాడట. నరసయ్య గేటు తియ్యలేదు.

"రెండు గంటలు అక్కడే నిలబడ్డాడమ్మా. కాలబైశాఖి గాలివాన కొట్టినాక ఎల్లిపోనాడు."

"పీడ పోయింది" అంది కొండమ్మ.

ఆషాఢం వచ్చింది. తొమ్మిది మందీ ఇంకా నోరు విప్పలేదు.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలోకి ఓ ముసలావిడ వచ్చింది. నుదుట బొట్టు లేదు. చేతిలో అదే గుడ్డసంచి.

"కొండమ్మ టీచరువి నువ్వేనా తల్లీ?"

"నేనే."

"మా ఆయన పోనాడమ్మా. దినం అయిపోనాది. ఇది నీకిమ్మన్నాడు."

"అన్నాడా? ఆయనకి మాట రాదు కదా?"

"కాగితం మీద రాసీవోడు. మా మనవరాలు సదివీది. గొంతులో కేన్సరమ్మా. నిరుడు ఆపరేషను సేసి గొంతు తీసీసినారు. ఆ సిల్లు ఎవులికీ కనపడకూడదని ఎండల్లో కూడా మఫ్లరు."

కొండమ్మ కుర్చీ జరిపి ఆవిణ్ణి కూచోబెట్టింది.

"ఒద్దంటే ఇన్నాడు కాదు. ఇక్కడికి రావాలని ఒకటే పంతం. ఆ రెండోనాడు తడిసి ఇంటికొచ్చినాడు. జొరం. మరి లెగనేదు."

"మా బడికి... ఎందుకొచ్చారమ్మా ఆయన?"

"నాకు సదువు రాదు తల్లీ. సంచిలో ఉంది, నువ్వే సూసుకో."

సంచిలో పెన్సిలు రాతతో నిండిపోయిన రూళ్ళ పుస్తకం ఉంది. అరిగిపోయిన పెన్సిలు ముక్క ఉంది. అన్నిటికీ పైన, వానకి తడిసి ఆరిన నాలుగు మడతల కాగితం.

కొండమ్మ ఇప్పుడు విప్పింది.

అందులో ఉన్నది ఆమె చేతిరాతే: "మాస్టారూ, మీ గొంతు వినందే నాకు పాఠం చెప్పడం రాదు. ఎనిమిదోది పంపలేకపోతే, ఒక్కసారి మీరే రండి."