రెండో వాల్వు చప్పుడు

ఆయుధ పూజ రోజు పూజలో పెట్టిన పనిముట్లు ముట్టుకోకూడదు. ఆ ఉదయమే డయాలసిస్ పేషెంట్లను ఒంగోలు తీసుకెళ్లే వ్యాను మా షెడ్డు ముందు ఆగింది.

"బండిలో ఇంజిన్‌ను చూసే తెర బాగుందంటంది అన్నా. నాకేమో టకటకమని ఇనపడతంది. తెర పచ్చగా ఉంటే కంపెనీ వేరే బండి పంపదు," అంది డ్రైవరు సుగుణమ్మ.

తెర బాగుందన్న ఇంజిన్ మూత విప్పితే మెకానిక్ లైసెన్సు పోతుంది. ఈ చట్టం వచ్చాక నా పొడవాటి స్క్రూడ్రైవరుకు పూజే తప్ప పని లేదు.

ముట్టుకోవడం తప్పో, మానడం తప్పో అమ్మవారికే తెలియాలి. దండం పెట్టి, బొట్టుతోనే తీశాను. మొన ఇంజిన్‌కు, పిడి చెవికి ఆనించాను. రెండో వాల్వు దగ్గర పొడి చప్పుడు. ఆయిల్ వేళ్ల మధ్య రుద్దితే ఇనప రజను మెరిసింది.

"తెర అబద్ధం చెప్పుద్దా అన్నా?"

"చెప్పదమ్మా. నేర్పిన చప్పుళ్లే దానికి తెలుసు."

మూత విప్పాను. ఆయిల్ అందక, వాల్వును తెరిచే క్యామ్ అరిగిపోయింది. ఫొటో తీసి కంపెనీకి పంపాను. ఆ ఫొటో చూశాక కంపెనీ వేరే వ్యాను పంపింది. ముగ్గురు పేషెంట్లూ అందులో వెళ్లారు. వెంటనే నా లైసెన్సు రద్దయినట్టు ఫోనులో సందేశం వచ్చింది.

"నీ నోటికాడ కూడు తీశాను అన్నా," అంది సుగుణమ్మ.

"వాళ్లు చేరారో లేదో ముందు కనుక్కో తల్లీ," అన్నాను.