నక్క ఎక్కని రైలు

మంచులో డ్రైవ్ చేసి పోస్టాఫీసు నుంచి తెచ్చుకున్న పార్సిల్ విప్పగానే భీమశంకర్‌కి ఒళ్ళు మండింది.

పాత పిల్లల కథల సంపుటాలు సేకరించి, ఒక్కోదానికీ కార్డు రాసి పెట్టుకోవడం అతని పిచ్చి. చిన్నప్పుడు అమ్మ చదివి వినిపించిన నక్క కథ కోసం, నోవై అనే ఊళ్ళో ఉన్న స్నేహితుడికి మంచి సంపుటాలు రెండు ఇచ్చి మరీ ఈ పుస్తకం తెప్పించుకున్నాడు. తీరా చూస్తే కథ రెండు పేజీల్లో అయిపోయింది. నక్క బావిలో పడింది, అంతే. కార్డు మీద 'అసంపూర్తి' అని రాశాడు.

"ఇదీ కట్ చేసిన ప్రింటేనమ్మా. నక్క బావిలోంచి బయటపడి రైలెక్కాలి, పెళ్ళిలో లడ్డూలు తినాలి. ఫుల్ బుక్ అని చెప్పాడు. లాంగ్ డిస్టెన్స్ అయినా సరే, ఇప్పుడే కాల్ చేసి అడుగుతాను" అంటూ ఫోన్ అందుకున్నాడు.

షామ్‌బర్గ్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన నాగమణి, కళ్ళజోడు సర్దుకుని ఆ రెండు పేజీలూ చదివింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"అతన్నేమీ అనకురా. పుస్తకంలో ఉన్నదింతే. నక్క బావిలో పడేసరికి నీ కంచంలో సగం అన్నం మిగిలే ఉండేది. మరి రైలెక్కించక ఏం చెయ్యను?"

భీమశంకర్ ఫోన్ పెట్టేశాడు. కార్డు మీద 'అసంపూర్తి' కొట్టేసి, పెన్నుతో తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"పెళ్ళి తర్వాత నక్క ఎక్కడికెళ్ళిందమ్మా? చెప్పు, రాసుకుంటాను."

"అలా అడిగితే గుర్తురాదు" అంది నాగమణి లేస్తూ. "ఆ పెన్ను అక్కడ పెట్టి, కంచం తెచ్చుకో."